‘మంచి మెసేజ్’ అంటున్నారు గానీ ఎవరూ నవ్వట్లేదు: మర్యాదల మీద స్ట్రిప్ కార్టూన్ ఎలా వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో బొమ్మలు వేస్తున్నారు. రోజువారీ మర్యాదల మీద నాలుగు ఫ్రేముల స్ట్రిప్ మొదలుపెట్టి ఇప్పటికి పన్నెండు వేశారు. క్యూ మధ్యలో దూరేవాడు, బస్సులో ఫోన్ స్పీకర్ పెట్టి పాటలు వినేవాడు, పరుగెత్తుకొస్తున్న మనిషిని చూసి కూడా లిఫ్టు తలుపు మూసేవాడు. చూసినవాళ్ళందరూ "మంచి మెసేజ్ ఉంది బ్రో" అంటున్నారు. ఒక్కరూ నవ్వట్లేదు. బొమ్మలో లోపమా, జోకులో లోపమా అని అడిగారు.

మీరు పెట్టిన మూడూ చూశాను. గీత బాగుంది, ముఖ్యంగా చేతులు. జోకులు కూడా మరీ తీసిపారేసేవి కావు. తేడా అంతా ఎవర్ని గీస్తున్నారన్న దగ్గరే వచ్చింది. మర్యాద తప్పినవాణ్ణి పక్కన పెట్టండి. మర్యాద కాపాడుకోవడానికి తంటాలు పడేవాణ్ణి గీయండి. నేను చెప్పేది ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

క్యూలో దూరేవాణ్ణి చూస్తే పాఠకుడికి కోపం వస్తుంది. ఆ పని తను ఎప్పుడూ చెయ్యలేదని గట్టి నమ్మకం కూడా ఉంటుంది (చేసే ఉంటాడు, అది వేరే సంగతి). కాబట్టి వేలు పక్కవాడి వైపు చూపించి "కరెక్టుగా చెప్పారు" అని వెళ్ళిపోతాడు. అదే క్యూలో వెనక నిలబడి, "ఏమండీ, ఇక్కడ క్యూ ఉందండీ" అనాలా వద్దా అని రెండు నిమిషాలు ఆలోచించి, గొంతు సవరించుకుని, తీరా వాడు వెనక్కి తిరిగేసరికి దగ్గు వచ్చినట్టు నటించిన మనిషిని గీయండి. అది పాఠకుడే. అక్కడ నవ్వుతాడు.

నాకిది తెలియడానికి చాలాకాలం పట్టింది. ఇరవయ్యేళ్ళకు పైగా వారపత్రికలకూ ఆదివారం అనుబంధాలకూ వేశాను, ఇప్పుడు ఫోన్లో చదివేవాళ్ళ కోసం వేస్తున్నాను. మొట్టమొదట పంపిన స్ట్రిప్ వేళాపాళా లేకుండా వచ్చే చుట్టం మీద. చుట్టం వస్తాడు, సోఫాలో కాళ్ళు చాపుతాడు, టీవీ రిమోట్ లాక్కుంటాడు, నాలుగో ఫ్రేములో ఇంటాయన "ఫోన్ చేసి రావాలండీ" అంటాడు. ఎడిటరు గారు వెనక్కి పంపారు. వెనకాల పెన్సిల్‌తో ఒక్క లైను: "అమ్మా, ఇది సుభాషితం. కార్టూన్ పంపండి." వారం రోజులు అన్నం సహించలేదు. తర్వాత అదే స్ట్రిప్ తిప్పి వేశాను. ఈసారి చుట్టం పెద్దమనిషే. ఇల్లాలు తలుపు సందులోంచి ఆయన్ని చూసింది, తలుపు తీసే ముందు ఇల్లంతా పరుగెత్తి ఆరేసిన బట్టలు, పిల్లల పుస్తకాలు, తను కట్టుకున్న నైటీ మీదికి ఒక చున్నీ, అన్నీ సర్ది, ఆయాసపడుతూ తలుపు తీసి, "అబ్బే, ఖాళీగానే ఉన్నామండీ!" అంది. అది వేశారు.

ఇదేదో నేను కనిపెట్టిన సూత్రం కాదు. అమెరికాలో 1901లో ఫ్రెడరిక్ ఆపర్ అనే ఆయన అల్ఫాన్స్, గాస్టన్ అని ఇద్దరు ఫ్రెంచి పెద్దమనుషుల్ని పుట్టించాడు. ఇద్దరికీ అతి మర్యాద. గుమ్మం దగ్గర "ముందు మీరు", "అబ్బే, ముందు మీరే" అనుకుంటూ నిలబడిపోతారు, ఈలోగా జరగాల్సిన అనర్థం జరిగిపోతుంది. హైదరాబాదు వాళ్ళకు చెప్పక్కర్లేదు, 'పెహ్లే ఆప్, పెహ్లే ఆప్' అనుకుంటూ రైలు పోగొట్టుకున్న లక్నో నవాబుల కథ ఇదే. అల్ఫాన్స్, గాస్టన్‌ల పేరు అమెరికాలో ఎంత వాడుకలోకి వెళ్ళిందంటే, బేస్‌బాల్‌లో ఇద్దరు ఫీల్డర్లు ఒకరికొకరు వదిలేసి క్యాచ్ నేలపాలు చేస్తే ఇప్పటికీ వీళ్ళ పేరే చెప్తారు. బొమ్మలో ఎవరూ చెడ్డవాళ్ళు లేరు, గమనించండి. ఉన్నదల్లా మర్యాదే, కాస్త ఎక్కువైంది.

అయితే మర్యాద తప్పినవాడి మీద స్ట్రిప్పులు ఆడలేదా అంటే, ఆడాయి. అమెరికాలోనే ఎవరెట్ ట్రూ అనే పాత్రతో ఒక స్ట్రిప్ 1905 నుంచి 1927 దాకా నడిచింది. ఎ.డి. కాండో బొమ్మలు. మామూలుగా రెండే ఫ్రేములు. మొదటిదాంట్లో ఎవడో ఒకడు ట్రామ్‌లో సీటంతా ఆక్రమించుకుని కూర్చుంటాడు, లేదా ఇంకేదో చేస్తాడు. రెండోదాంట్లో లావుపాటి ఎవరెట్ ట్రూ వాణ్ణి చితకబాదుతాడు, చాలాసార్లు గొడుగుతో. మనం మనసులో చేసే పని ఆయన చేతుల్తో చేస్తాడు. అందుకే వందేళ్ళ తర్వాత కూడా ఆ బొమ్మలు ఫోన్లలో తిరుగుతున్నాయి. కానీ అక్కడ జనం చూసేది మర్యాద తప్పినవాణ్ణి కాదండీ, ఎవరెట్ ట్రూని. మర్యాద నేర్పడానికి అంత అమర్యాదగా దిగిపోయే మనిషి ఆయన. పైగా ఆయనే దారి తప్పితే వాళ్ళావిడ ఆయనకూ అదే వైద్యం చేస్తుంది. మీ స్ట్రిప్‌లో అలాంటి ఒక పిచ్చి మనిషి ఉంటే సరే, లేకపోతే ఆ దారి వద్దు.

మీరిప్పుడు నడుస్తున్నది మూడో దారి. పిల్లల పత్రిక 'హైలైట్స్'లో 1948 నుంచి గూఫస్, గాలంట్ అని ఇద్దరు అబ్బాయిలు వస్తున్నారు. ఒకడు ఎలా ఉండకూడదో చూపిస్తాడు, ఇంకొకడు ఎలా ఉండాలో. అది పిల్లల కోసం, అక్కడ పాఠం చెప్పడమే పని. ముప్పయ్యేళ్ళ మనిషికి ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే దారిలో అదే పెడితే "మంచి మెసేజ్" అనే అంటాడు, పాపం ఇంకేమంటాడు.

ఇక మన సరుకు సంగతి. మన మర్యాదలన్నీ ఒక్క గుంజకు కట్టేసి ఉంటాయి. దాని పేరు మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, ఇక్కడ పూర్తిగా రాయలేను, మీ అమ్మమ్మ గారిని అడగండి. స్ట్రిప్ వేసేవాళ్ళకు అంతకు మించిన గని లేదు. నేను రెండు దశాబ్దాలుగా తవ్వుతున్నాను, సగం కూడా కాలేదు.

విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టడం చూడండి. వద్దు అనడానికి మాట ఉంది గానీ పంక్తిలో అది పనిచెయ్యదు, చెయ్యి పెట్టాల్సిందే. అందులో మళ్ళీ రకాలు. వేళ్ళు దగ్గరగా పెట్టి చెయ్యి విస్తరికి ఆనిస్తే నిజంగానే వద్దని. వేళ్ళ మధ్య సందు ఉంటే ఇంకోసారి బతిమాలమని. చెయ్యి జానెడు ఎత్తున గాల్లో ఊగుతుంటే, వెయ్యండి గానీ నేను వద్దన్నట్టు పక్కవాళ్ళకు తెలియాలని. వడ్డించేవాళ్ళకు ఈ భాష కొట్టిన పిండి. మా బావగారి అబ్బాయి పెళ్ళిలో తినడం మానేసి (నమ్మండి, నిజమే) టిష్యూ పేపర్ల మీద వరసగా చేతులే గీశాను, ముఖాల జోలికి పోలేదు. నా స్ట్రిప్పుల్లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది అందులోంచే వచ్చింది. నాలుగు ఫ్రేముల్లోనూ పైనుంచి చూసిన విస్తరి, అంతే. మొదటి దాంట్లో తెల్లటి అన్నం మీద చెయ్యి అడ్డం. రెండో దాంట్లో ఒక మూల నుంచి గరిటె వచ్చి వంగింది. మూడో దాంట్లో పప్పుచారు చేతి మీదుగా, వేళ్ళ సందుల్లోంచి. నాలుగో దాంట్లో చెయ్యి తీసేశారు. అన్నమంతా పప్పుచారు, మధ్యలో చెయ్యి ఆకారం మాత్రం తెల్లగా మిగిలింది. మాట ఒక్కటీ లేదు. ఎవరిది తప్పు? వద్దన్నవాడిదీ కాదు, వేసినవాడిదీ కాదు. ఇద్దరూ మర్యాద చేశారు.

వీడ్కోలు ఇంకొకటి. మనలో "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి, అన్నాక అరగంట వెళ్ళకూడదు. సోఫా దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, గేటు దగ్గర ఒకసారి. అసలు విషయం ఏదైనా ఉంటే అది హెల్మెట్ పెట్టుకున్నాకే బయటికొస్తుంది. ఇది మీరే వేసుకోండి. నాలుగు ఫ్రేముల్లోనూ మనుషుల భంగిమ మార్చకండి, వెనక గోడ మాత్రం మారాలి, భుజం మీది పిల్ల మెల్లగా నిద్రలోకి జారాలి.

స్టీలు డబ్బా కథ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

పక్కింటి వాళ్ళు ఏదైనా పంపిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. మా పై ఫ్లాటు ఆవిడ సంక్రాంతికి అరిసెలు పంపారు. గిన్నె నిండా ఏదో ఒకటి పెట్టి పంపాలి, ఆ వారం నాకు ఒంట్లో బాగోలేదు, ఏమీ చెయ్యలేదు. బజారు నుంచి తెచ్చి పెడితే తెలిసిపోతుంది. అలా పది రోజులు. ఆవిడకేమో డబ్బా కావాలి, అడగడానికి మొహమాటం. ఏం చేశారు? గుర్తుచేయడానికి ఇంకో డబ్బాలో కజ్జికాయలు పంపారు. ఇప్పుడు నా దగ్గర రెండు డబ్బాలు. అప్పు వడ్డీతో పెరిగినట్టు పెరిగింది. స్ట్రిప్ దానంతట అదే తయారైంది: మొదటి ఫ్రేములో వంటింటి గట్టు మీద ఒక డబ్బా, రెండోదాంట్లో మూడు, మూడోదాంట్లో అలమర నిండా డబ్బాలు. నాలుగో ఫ్రేము పైనింట్లో. చక్కెర ప్లాస్టిక్ కవర్లో, కందిపప్పు కవర్లో, ఇంటాయన "మన డబ్బాలన్నీ ఏవే?" అంటున్నాడు. ఆవిడ మూకుడులో ఏదో వేయిస్తూ, "ఆవిడే ఇస్తారు లెండి. అడిగితే ఏం బాగుంటుంది?"

అచ్చయింది. తప్పెక్కడంటే, స్టీలు సామాను మీద పేర్లు చెక్కిస్తారు చూడండి, చుక్కలు చుక్కలుగా, ఆ డబ్బా మూత మీద వాళ్ళ మావగారి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. బొమ్మ సహజంగా ఉంటుందని చూసి చూసి చుక్క పోకుండా ఎక్కించాను. ఆదివారం పొద్దున్నే ఆవిడ కిందికి వచ్చారు. పత్రిక మాట ఎత్తలేదు. "మీ బొమ్మలు మా వారికి చాలా ఇష్టమండీ" అన్నారు. అని నిలబడ్డారు. నేను కంగారులో రెండు డబ్బాలూ తీసుకొచ్చి చేతిలో పెట్టాను. ఖాళీగా! ఆవిడ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, "పర్లేదండీ" అన్నారు. ఆ "పర్లేదండీ" నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. మీ చుట్టూ ఉన్నవాళ్ళ నుంచి తీసుకోండి గానీ పేరు, ఇంటి గుమ్మం, మీసం, చీర అంచు, ఏదీ ఉన్నదున్నట్టు వెయ్యకండి. మగవాడి కథ ఆడమనిషికి మార్చండి, పై ఫ్లాటు కింద ఫ్లాటు చెయ్యండి. అప్పటికీ ఎవరో ఒకరు అది తామే అనుకుంటారు, దానికి మందు లేదు.

ఇంకా చాలా ఉన్నాయి, చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. వాట్సాప్‌లో శుభలేఖ పడేసి కింద "దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించగలరు" అనడం, చదివింపుల కవరులో 516 పెట్టాలా 1116 పెట్టాలా అని పెళ్ళి మంటపం బయట స్కూటర్ మీద కూర్చుని మొగుడూ పెళ్ళాం లెక్కలు (వాళ్ళు మనకెంత పెట్టారో డైరీలో చూసి), ఆర్టీసీ బస్సు కిటికీలోంచి ఖర్చీఫ్ వేసి సీటు ఆపడం, హోటల్లో బిల్లు కోసం "నేనిస్తా" అంటే "నేనిస్తా" అని చొక్కాలు చిరిగేలా కొట్టుకోవడం. ఈ చివరిదాంట్లో ఒకాయన పర్సు ఎప్పుడూ జేబులోంచి సగమే బయటికి వస్తుంది. ఆ సగం గీయగలిగితే మాటలక్కర్లేదు.

పిలుపుల దగ్గర జాగ్రత్త. తెలుగులో మర్యాద సగం క్రియాపదంలో ఉంటుంది. నువ్వు, మీరు, తమరు. బెలూన్‌లో ఒక్క అక్షరం మారిస్తే ఇద్దరి మధ్య సంబంధమే మారిపోతుంది. కొత్తగా వేసేవాళ్ళు ఇక్కడ లెక్క తిరగేస్తారు. కోపం వస్తే మీరు నుంచి నువ్వులోకి, నువ్వు నుంచి ఒరేయ్‌లోకి దిగుతారని వేస్తారు. వీధిలో కొట్లాటకైతే సరే. దగ్గరివాళ్ళ మధ్య నిజంగా కోపం వచ్చినప్పుడు మనవాళ్ళు పైకి ఎక్కుతారండీ. స్నేహితులిద్దరి మీద నేను వేసిన స్ట్రిప్‌లో నాలుగు ఫ్రేముల్లో నాలుగే మాటలు: "ఒరేయ్, అలా కాదురా." "నువ్వన్నది తప్పు." "మీరెలా అంటే అలాగే." "తమరు దయచేయొచ్చు." ముఖాలు ఎక్కడా మార్చలేదు, గొంతు ఎంత చల్లబడిందో పాఠకుడికి వినిపిస్తుంది.

దీంట్లోనే ఒక హెచ్చరిక. గోదావరి పాత్ర అనగానే ప్రతి మాట చివరా "అండి", "ఆయ్" అతికించి అతి మర్యాదస్తుణ్ణి చేయడం, తెలంగాణ పాత్ర అనగానే అందర్నీ "నువ్వు" అనిపించి మర్యాద రానివాడిగా చూపించడం, రెండూ వద్దు. పెద్దవాళ్ళను నువ్వు అనడం అక్కడ చాలా ఇళ్ళలో దగ్గరితనం. నేను తెనాలి వైపు పుట్టి హైదరాబాదులో కాపురం పెట్టినదాన్ని. పాలబ్బాయి "అక్కా, నువ్వు నిన్న ఇంట్ల లేవా?" అన్న మొదటి రోజు నాకు చురుక్కుమంది. నాలుగు రోజులు పోయాక తెలిసింది, ఆ "అక్కా" అన్న మాట మా వైపు పది "అండీ"ల పెట్టు. కావాలంటే స్ట్రిప్ ఆ చురుక్కుమన్న నా మీద వెయ్యండి, ఆ అబ్బాయి మీద కాదు. అలాగే పనమ్మాయి, వాచ్‌మన్, పల్లెటూరి నుంచి వచ్చిన చుట్టం, వీళ్ళకు 'మ్యానర్స్' తెలియవని నవ్వించే రకం బొమ్మలు మన పాత పత్రికల్లో బోలెడు. అప్పడాల కర్ర పెళ్ళాంతో పాటు వాటిని కూడా అటకెక్కించేద్దాం. వాటికి నవ్వేవాడు ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక హోటల్లో చెమటలు పట్టినవాడే, ఆ చెమటలు గీస్తే అసలు జోకు అక్కడుంది.

అపార్ట్‌మెంట్లకూ ఆఫీసులకూ పోస్టరు వెయ్యమని అడిగితే ఏం చేయాలి అని కూడా మీరు చివర్లో అడిగారు. అదైతే మెసేజ్ ఉండాల్సిందే కదా అని. ఉండాలి. టోక్యో మెట్రోలో 2008లో బుంపేయి యోరిఫుజి అనే డిజైనరు వేసిన పసుపురంగు పోస్టర్లు దొరికితే చూడండి. రైల్లో ఒకడు ఫోన్లో గట్టిగా అరుస్తుంటాడు, ఒకామె ముఖానికి మేకప్ వేసుకుంటూ ఉంటుంది. మాట మాత్రం "ఇంటి దగ్గర చేద్దాం" అని. తప్పు అనలేదు, ఇక్కడ కాదు అన్నాడు. ఎదురుగా కళ్ళజోడు పెట్టుకున్న ఒక మనిషి ఉలుకూ పలుకూ లేకుండా చూస్తూ ఉంటాడు. నా కళ్ళు ఎప్పుడూ ఆ కళ్ళజోడు మీదికే వెళ్తాయి.

మా అసోసియేషన్ వాళ్ళు లిఫ్టులో వీడియో కాల్స్ మాట్లాడొద్దని బొమ్మ అడిగారు. మొదట ఫోన్ పట్టుకుని అరుస్తున్న బట్టతలాయన్ని వేశాను. మర్నాటికి రెండు వేర్వేరు ఇళ్ళ నుంచి "ఇది మా వారేనా?" అని అడిగారు. తీసేశాను. రెండో బొమ్మలో ఒకబ్బాయి వాళ్ళమ్మతో వీడియో కాల్‌లో ఉన్నాడు. ఫోన్లోంచి వాళ్ళమ్మ లిఫ్టులో ఉన్న అందరికీ నమస్కారం పెడుతోంది. లిఫ్టులో ఇరుక్కున్న ఆరుగురూ, చేతుల్లో కూరగాయల సంచులూ టిఫిన్ క్యారేజీలూ ఉన్నవాళ్ళు కూడా, ఎలాగోలా ఫోన్ వైపు తిరిగి నమస్కారం పెడుతున్నారు. కింద ఏమీ రాయలేదు. వీడియో కాల్స్ తగ్గాయా అంటే పెద్దగా తగ్గలేదు. కానీ ఎవరైనా మొదలుపెడితే మిగతావాళ్ళు ఆ బొమ్మ గుర్తొచ్చి చేతులు జోడిస్తున్నారు, మాట్లాడేవాళ్ళు నవ్వి పెట్టేస్తున్నారు.

అక్షరాల గురించి నాలుగు మాటలు, ఎందుకంటే మీ స్ట్రిప్పుల్లో నాకు కష్టమనిపించింది అదొక్కటే. ముందు బొమ్మ వేసి, మిగిలిన జాగాలో బెలూన్ ఇరికిస్తున్నారు. తెలుగుకు ఇది కుదరదు. పైన గుణింతాలు, కింద ఒత్తులు, ఒక లైను ఒత్తు వచ్చి కింది లైను గుడిని తన్నేస్తుంది. ముందు మాటలు రాసుకోండి, బెలూన్ గీయండి, తర్వాత మనుషుల్ని నిలబెట్టండి. ముందు మాట్లాడేవాణ్ణి ఎడమ పక్కన ఉంచండి, లేకపోతే బెలూన్ల తోకలు జడలు వేసుకుంటాయి. ఫ్రేముకు పది, పన్నెండు మాటలు దాటితే కత్తిరించండి. అయ్యాక ఫోన్లో తెరిచి, చెయ్యి చాపి దూరంగా పెట్టి చదవండి. నాకు చత్వారం ఉంది కాబట్టి నాకు ఇది తప్పదు, మీకూ మంచిదే. ఫాంటు విషయానికొస్తే, బాపు గారి చేతిరాత పోలిక ఫాంటుగా మారి శుభలేఖల దాకా పాకింది. చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ మీ గీత పక్కన ఆయన అక్షరం పెడితే కళ్ళు అక్షరం వైపే పోతాయి. మీ చేతిరాత ఎంత వంకరగా ఉన్నా సరే, దాన్నే వాడండి.

ఇప్పుడు మీ బస్సు స్ట్రిప్పే తీసుకుని చూద్దాం. మీరు వేసింది: ఒకడు స్పీకర్లో పాట పెట్టాడు, అందరూ చెవులు మూసుకున్నారు, కండక్టర్ వచ్చాడు, "ఇయర్‌ఫోన్స్ పెట్టుకో బాబూ, ఇది బస్సు, మీ ఇల్లు కాదు." పాట పెట్టినవాణ్ణి అలాగే ఉంచండి, కానీ పక్కకు జరపండి. మధ్యలోకి కిటికీ పక్క సీటాయన్ని తీసుకురండి. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఆఫీసు బ్యాగు, జుట్టు ముందు వైపు కాస్త పల్చబడుతోంది, ఆ సంగతి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మొదటి ఫ్రేములో పాట హోరు, ఆయన ఊపిరి బిగించి ధైర్యం తెచ్చుకుంటున్నాడు. రెండో ఫ్రేములో "బాబూ..." అన్నాడు. కుర్రాడు పాట ఆపి, ఎంతో వినయంగా తిరిగి, "చెప్పండి అంకుల్" అన్నాడు. మూడో ఫ్రేములో ఎవరూ మాట్లాడరు. బస్సు వెళ్తోంది. ఆయన చెయ్యి జుట్టు దగ్గరికి వెళ్ళింది. నాలుగో ఫ్రేములో, "ఏం లేదు. మంచి పాట."

కండక్టర్ని తీసేశామని బాధపడకండి, ఆయనకు టిక్కెట్లు కొట్టే పని చాలా ఉంది. మూడో ఫ్రేములో మాత్రం ఒక్క అక్షరం పెట్టినా ఒప్పుకోను. వేసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.